తెరమీద నచ్చిన జుట్టు తలమీద కుదురుతుందా?

ప్రశ్న: నా వయసు 38. నడుము దాటిన ఒత్తయిన ఉంగరాల జుట్టు నాది. ఎప్పుడైనా చివర్లు సరిచేయించడమే తప్ప పెద్దగా కత్తిరించుకున్నది లేదు. ఇప్పుడు గడ్డం వరకు పొట్టిగా కత్తిరించుకుని, లేత గోధుమ రంగు వేయించుకోవాలని ఉంది. ఫొటో ఇస్తే కొత్త జుట్టుతో ఎలా ఉంటామో చూపించే ఆప్‌లు మూడు ప్రయత్నించాను. ఒకదానిలో విగ్గు తగిలించినట్టు ఉంది. రెండోదానిలో జుట్టు రంగు మాత్రమే మారింది. మూడోదానిలో ఎంత బాగున్నానంటే, ఆ ఫొటోను రోజూ తీసి చూసుకుంటున్నాను. మా చెల్లెలు మాత్రం "అందులో ఉన్నది నువ్వు కాదక్కా" అంటోంది. ఆ ఫొటోను నమ్మి కత్తిరించుకోవచ్చా? నా ముఖం ఫొటోలు ఇలా ఇవ్వడం వల్ల ఇబ్బంది ఏమైనా ఉంటుందా?

సమాధానం: మీ చెల్లెలు అన్న మాటతోనే మొదలుపెడతాను, ఎందుకంటే మీకు కావలసిన సమాధానంలో సగం అందులోనే ఉంది. మీరు ఇచ్చిన అసలు ఫొటోను, మూడో ఆప్ తయారుచేసిన ఫొటోను పక్కపక్కన పెట్టుకోండి. రెండింటిలోనూ జుట్టు కనిపించకుండా కాగితంతో కప్పి, కనుబొమల నుంచి గడ్డం వరకు ఉన్న ముఖాన్ని మాత్రమే పోల్చి చూడండి. దవడ కాస్త సన్నబడిందా, చర్మం నునుపు తేలిందా, కళ్లు పెద్దవయ్యాయా, ముక్కు పక్కనుండి నోటి వైపు దిగే గీత మాయమైందా అని నిదానంగా గమనించండి. వీటిలో ఏ ఒక్కటి మారి ఉన్నా, మీకు నచ్చింది ఆ జుట్టో, సవరించిన ఆ ముఖమో తేల్చి చెప్పడం ఎవరికీ సాధ్యం కాదు. ఆ ముఖాన్ని ఏ కత్తెరా ఇవ్వలేదు. ఈ పరీక్ష చేయకుండా మాత్రం దయచేసి కుర్చీలో కూర్చోకండి.

ఇలా ఎందుకు జరుగుతుందో తెలియాలంటే మీరు వాడిన మూడు ఆప్‌లూ లోపల చేసే పని వేర్వేరని గ్రహించాలి. విగ్గు తగిలించినట్టు చూపించిన మొదటిది అన్నింటికంటే పాత పద్ధతి. స్మార్ట్‌ఫోన్లు రాకముందే, 1990ల నాటికే, ఇంటి కంప్యూటర్ల కోసం సీడీల్లో ఇలాంటి ప్రోగ్రాములు అమ్మేవారు. ముందే సిద్ధం చేసిన జుట్టు బొమ్మను మన ఫొటో మీదికి లాగి, చేత్తో సరిచేసుకోవలసి వచ్చేది. ఇప్పుడు ఆ సర్దుబాటును కంప్యూటరే చేస్తోంది. ముఖం మీద కళ్ల కొనలు, పెదవుల అంచులు, దవడ వంపు వంటి చోట్లను గుర్తు బిందువులుగా పట్టుకుని (గూగుల్ వారి మీడియాపైప్ అనే సాధనపు ముఖ నమూనాలో ఈ బిందువులు 468), వాటి ప్రకారం బొమ్మను సాగదీసి, వంచి, తలమీద కూర్చోబెడుతుంది. ఫలితం అతికించినట్టే ఉంటుంది, అందుకే మీకు నచ్చలేదు. కానీ అది మీ ముఖాన్ని ముట్టుకోలేదు. గడ్డం దాకా వచ్చే జుట్టు మీ దవడను ఎక్కడ కప్పుతుంది, మెడ ఎంత కనిపిస్తుంది అన్న ప్రశ్నలకు, చూడడానికి ఇంపుగా లేని ఆ మొదటి ఫొటోయే నిజాయితీగా జవాబు చెబుతుందని నా అభిప్రాయం.

రెండోది చేసిన పని మరొకటి. ఫొటోలోని ఒక్కో చుక్కను పరిశీలించి, ఇది జుట్టు, ఇది చర్మం, ఇది వెనకున్న గోడ అని విడదీసి, జుట్టు అని తేలిన చోట మాత్రమే రంగు మారుస్తుంది. వెలుగునీడలు మీ ఫొటోలో ఉన్నవే ఉంటాయి కాబట్టి సహజంగా కనిపిస్తుంది. తల కదిలినా రంగు జుట్టుతో పాటే కదిలేలా ఈ పనిని ఫోన్‌లోనే అప్పటికప్పుడు చేయవచ్చని గూగుల్ పరిశోధకులు 2019లో చూపించారు. ముఖాన్ని గుర్తించి అలంకరణను తెరమీద చూపించే మోడిఫేస్ అనే సంస్థను అంతకు ముందే, 2018లో, సౌందర్య సాధనాల సంస్థ లోరియల్ కొనుగోలు చేసింది. రంగులు అమ్మేవారే రంగులను పరీక్షించే అద్దాన్ని కూడా ఇస్తున్నారంటే అందులో తప్పేమీ లేదు. కాకపోతే ఆ అద్దం "ఈ రంగు మీకు పనికిరాదు" అని చెప్పడానికి తయారైనది కాదన్న సంగతి గుర్తుంచుకోవాలి.

ఇక మీరు రోజూ చూసుకుంటున్న మూడో ఫొటో. దాన్ని సవరించారనడం కన్నా కొత్తగా గీశారనడం సరైన మాట. 2014లో ఇయాన్ గుడ్‌ఫెలో అనే పరిశోధకుడు, ఆయన సహచరులు ప్రతిపాదించిన ‘గాన్’ అనే పద్ధతి నుంచి ఈ దారి మొదలైంది. 2018 చివర్లో కంప్యూటర్ చిప్‌ల సంస్థ ఎన్విడియా పరిశోధకులు ప్రకటించిన స్టైల్‌గాన్ అనే నమూనాతో (అంటే ఎన్నో ఫొటోలు చూసి నేర్చుకున్న ప్రోగ్రాముతో), అసలు లేని మనుషుల ముఖాలను కూడా నిజమైన ఫొటోల్లాగా కంప్యూటర్ గీయగలదని లోకానికి తెలిసింది. దానికి ముఖాలు నేర్పడానికి ఫొటోలు పంచుకునే ఫ్లికర్ అనే వెబ్‌సైట్ నుంచి సేకరించిన 70,000 ఫొటోలను వాడారు. ఇలాంటి నమూనాకు మీ ఫొటో ఇచ్చినప్పుడు, అది మొదట తాను గీయగలిగిన ముఖాల్లో మీకు అతి దగ్గరగా ఉన్నదాన్ని వెతుక్కుంటుంది, ఆ తర్వాత ఆ ముఖానికి కొత్త జుట్టు పెడుతుంది. దగ్గరగా ఉన్న ముఖం మీ ముఖం కాదు. ఆ కాస్త తేడానే మీ చెల్లెలు పట్టుకుంది. ఏళ్ల తరబడి ఎదురుగా చూసిన మనిషి కన్నుకు అది ఇట్టే తెలుస్తుంది. ఆ తర్వాత వచ్చిన కొత్త నమూనాలు జుట్టు ఉన్న భాగాన్ని మాత్రమే చెరిపి మళ్లీ గీస్తాయి కాబట్టి ముఖం చాలావరకు నిలుస్తుంది. కానీ నుదుటి అంచు, చెంపల పక్కన వెంట్రుకలు మొదలయ్యే గీత, చెవులు అప్పటికీ కల్పితాలే కావచ్చు. నుదురు ఒక్క సెంటీమీటరు తగ్గినా ముఖం తీరే మారిపోతుంది.

ముఖం అచ్చంగా మీదేనని తేలిందనుకుందాం. అప్పుడైనా ఆ జుట్టు మీది కాదు. ఈ విషయంలోనే ఎక్కువమంది మోసపోతారు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. మనిషి తలమీద దాదాపు లక్ష వెంట్రుకలు ఉంటాయి. ఒక్కొక్కటి సాధారణంగా మిల్లీమీటరులో పదో వంతుకన్నా సన్నగా ఉండి, పక్కవాటితో రాసుకుంటూ, వాటి మీద నీడ వేస్తూ, వాటి గుండా వచ్చిన వెలుగును అందుకుంటూ ఉంటుంది. కంప్యూటర్ గ్రాఫిక్స్‌లో జుట్టును నమ్మేలా చూపించడం ఎప్పుడూ కష్టమైన పనే. 1989లో జేమ్స్ కజియా, తిమోతీ కే అనే పరిశోధకులు వెంట్రుక మీద మెరుపు ఎలా పడుతుందో ఒక సులువైన లెక్క ఇచ్చారు. చాలాకాలం అందరూ దాన్నే వాడారు. 2003లో స్టీఫెన్ మార్ష్‌నర్ బృందం అసలు వెంట్రుకల మీద వెలుగు పడే తీరును కొలిచి, ఒకే పాయ మీద రెండు మెరుపులు కాస్త ఎడంగా కనిపిస్తాయని తేల్చింది. ఒకటి పైపొర మీద తగిలి వెనక్కి వచ్చే వెలుగు. అది దీపం రంగులోనే ఉంటుంది. రెండోది వెంట్రుక లోపలికి వెళ్లి, అవతలి గోడకు తగిలి తిరిగి వచ్చేది; దానికి జుట్టు రంగు అంటుకుంటుంది. పైపొర మీది పొలుసులు కొద్ది డిగ్రీలు వాలి ఉండడం వల్లనే ఆ రెండూ విడిపోతాయి. ఇంత లెక్క సినిమా కోసమైతే తీరికగా చేస్తారు. కదిలే చిత్రాన్ని సెకనుకు 30 సార్లు మార్చి చూపించవలసిన ఫోన్‌కు అంత వ్యవధి ఉండదు కాబట్టి, లక్ష వెంట్రుకల బదులు వెంట్రుకల బొమ్మ ముద్రించిన పట్టీలను పేర్చడం వంటి ఉపాయాలతో సరిపెడతారు. అంటే తెరమీద కనిపించే మెరుపు, మెత్తదనం, ఊగే తీరు మీ వెంట్రుక లక్షణాలు కావు, ప్రోగ్రాము రాసినవారి ఎంపికలు.

మీ విషయంలో ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే మీది ఒత్తయిన ఉంగరాల జుట్టు. నడుము దాటిన జుట్టుకు దాని బరువే కిందికి లాగే పని చేస్తుంది, అందువల్ల పైభాగంలో ఉంగరాలు సాగి, కాస్త సాఫీగా కనిపిస్తాయి. గడ్డం దగ్గర కత్తిరించగానే ఆ బరువు పోతుంది, ఉంగరాలు పైకి ముడుచుకుంటాయి. తడిగా ఉన్నప్పుడు గడ్డం అంచుకు కొలిచి కోసిన జుట్టు ఆరిన తర్వాత చెవి తమ్మె దగ్గర తేలవచ్చు. ఒత్తుదనం కూడా అంతే. పొడవుగా ఉన్నప్పుడు కిందికి పరుచుకున్న ఆ ఒత్తు, పొట్టి జుట్టులో పక్కలకు విచ్చుకుని, అడుగున వెడల్పుగా, పైన చదునుగా నిలబడే అవకాశం ఉంది. మంచి పనివారు లోపలి పొరల్లో కొంత తీసి దీన్ని అదుపు చేస్తారు. ఫొటో తయారుచేసిన కంప్యూటర్‌కు ఆ సంగతి తెలియదు. నడినెత్తిన సుడి ఎటు తిరిగి ఉంది, మెడ మీది వెంట్రుకలు పైకి పెరుగుతాయా కిందికా, పాపిడి ఎక్కడ దానంతట అదే విడిపోతుంది అన్నవి ముందునుంచి తీసిన ఒక్క ఫొటోలో ఉండనే ఉండవు. పొట్టి జుట్టు కుదరడం, కుదరకపోవడం చాలావరకు వీటి చేతిలోనే ఉంటుంది.

రంగు సంగతికి వస్తే, తెరమీద వేలితో జరిపినంత మాత్రాన నల్లని జుట్టు లేత గోధుమ రంగులోకి మారుతుంది. తలమీద అది రసాయన చర్య. నల్లని జుట్టు లేతబడాలంటే ముందు లోపలున్న మెలనిన్‌ను, అంటే జుట్టుకు రంగునిచ్చే పదార్థాన్ని, హైడ్రోజన్ పెరాక్సైడ్ వంటి వాటితో కరిగించాలి. ఆ దారిలో జుట్టు మొదట ఎర్రటి గోధుమ రంగుకు, తర్వాత నారింజకు, ఇంకా లేతబడితే పసుపుకు దిగుతుంది. ఆప్ ఈ మెట్లేవీ చూపకుండా నేరుగా చివరి రంగును చూపిస్తుంది. మీరు కోరుకున్న రంగులో బూడిద ఛాయ ఉంటే, ఆ నారింజను అణచడానికి మరో రంగు వేయాలి; అది కొన్ని వారాల్లో వెలిసి, అడుగున ఉన్న నారింజ మళ్లీ బయటపడుతుంది. ఇప్పటికే రంగు వేసిన జుట్టు మీద లేత రంగు వేస్తే లేతబడదు, ముందున్న రంగును తీయవలసి వస్తుంది. గోరింటాకు గానీ, గోరింటాకు పేరుతో అమ్మే పొడులు గానీ వాడి ఉంటే తప్పకుండా చెప్పండి. కొన్ని పొడుల్లో కలిపే లోహ లవణాలు పెరాక్సైడ్‌తో కలిసి జుట్టును పాడు చేస్తాయి. ముదురు రంగుల్లో ఎక్కువగా ఉండే పీపీడీ అనే పదార్థం కొందరికి పడదు, అందుకే రంగు వేయడానికి 48 గంటల ముందు చర్మం మీద కొద్దిగా రాసి చూడమని చెబుతారు. ఉంగరాల జుట్టు సహజంగానే త్వరగా పొడిబారుతుంది కాబట్టి, కత్తిరింపూ రంగూ ఒకే రోజు పెట్టుకోవద్దని నా సలహా. కత్తిరింపు కుదిరాక, చెవి వెనక కనిపించని చోట ఒక పాయకు రంగు వేయించి, దాన్ని పగటి వెలుగులో, రాత్రి దీపం కింద రెండుసార్లు చూసుకుని అప్పుడు నిర్ణయించుకోండి. అదే రంగు రెండు వెలుతుర్లలో రెండు రకాలుగా కనిపించడం మీరే గమనిస్తారు.

ఇంత చెప్పినంత మాత్రాన ఈ సాధనాలు పనికిరానివని నా ఉద్దేశం కాదు. ఎంత పొడవు, ముంగురులు ఉండాలా వద్దా, పాపిడి మధ్యనా పక్కనా, ముఖం చుట్టూ ఆకారం గుండ్రంగానా నిలువుగానా అన్నవి చూసి తేల్చుకోవలసిన విషయాలు, మాటల్లో చెప్పుకుంటే తేలవు. వాటికి ఇంత చవకైన, భయం లేని పరీక్ష మునుపు ఉండేది కాదు. అయితే ఫొటో తీసే తీరు మార్చండి. చేతిలో ఫోన్ పట్టుకుని తీసుకున్న సెల్ఫీ ఇవ్వకండి. 12 అంగుళాల దూరం నుంచి తీసిన ఫొటోలో ముక్కు అడుగుభాగం, 5 అడుగుల నుంచి తీసినప్పటి కంటే సుమారు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుందని 2018లో ఒక వైద్య పత్రికలో వచ్చిన లెక్క చెబుతోంది. దగ్గరగా ఉన్న ముక్కు పెద్దదైతే, దూరంగా ఉన్న చెవులు, వాటి పక్కనున్న జుట్టు చిన్నవవుతాయి, అంటే మీరు అంచనా వేయవలసిన ఒత్తుదనమే తక్కువగా కనిపిస్తుంది. కాబట్టి మీ చెల్లెలినే 5 అడుగుల దూరంలో నిలబడి, ఫోన్ వెనక కెమెరాతో, మీ కళ్ల ఎత్తు నుంచి, కిటికీ వెలుగులో తీయమనండి. చర్మాన్ని నునుపు చేసే అమరికలన్నీ ఆపేయించండి. ముందునుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి, వెనక పక్కగా ఒకటి కావాలి. ఆకారం పరీక్షించే ఫొటోల కోసం జుట్టును వెనక్కి గట్టిగా ముడిచి కట్టుకోండి. భుజాల మీద జుట్టు పరుచుకుని ఉంటే, దాన్ని చెరిపి ఆ చోట మెడను, భుజాలను ఆప్ ఊహించి గీయవలసి వస్తుంది, ఆ ఊహలో మెడ సన్నబడవచ్చు. రంగు పరీక్షించే ఫొటోకు మాత్రం జుట్టు వదిలేయాలి.

అప్పుడు ఒకే ఫొటో మీద మూడు పొడవులు చూడండి: గడ్డం దగ్గర, గడ్డానికి నాలుగైదు వేళ్ల కింద, భుజం ఎముక దగ్గర. ఒక్కొక్కదాన్ని విడిగా చూసి బాగుంది, బాగులేదు అనుకోవడం కంటే మూడింటి మధ్య తేడాను చూడడం మేలు, ఎందుకంటే ఆప్ చేసే పొరపాట్లు మూడింటిలోనూ చాలావరకు ఒకేలా ఉండి, మిగిలిన తేడా ఎక్కువగా పొడవుదే అవుతుంది. ఫొటోను గోరంత చేసి చూడండి. మెరుపులు కరిగిపోయి ఆకారం మాత్రమే నిలుస్తుంది. ఎదుటివారు దూరం నుంచి మొదట చూసేది ఆ ఆకారాన్నే. ఇంకొక చిన్న సంగతి: మన ముఖం మనకు అద్దంలో కుడి ఎడమలు తారుమారై అలవాటు. ఎక్కువమంది విషయంలో, తమ ఫొటోల్లో అద్దంలో కనిపించేలా తిప్పినదాన్ని తామూ, తిప్పని దాన్ని స్నేహితులూ ఇష్టపడతారని 1977లో ప్రచురించిన ఒక ప్రయోగంలో తేలింది. అందువల్ల పక్క పాపిడి ఎటు బాగుందో తేల్చేటప్పుడు ఫొటోను రెండు వైపులా తిప్పి చూసి, మీ చెల్లెలి మాటకు కొంచెం ఎక్కువ విలువ ఇవ్వండి.

ముఖం ఫొటోల భద్రత గురించి మీరు అడగడం సబబే. పాస్‌వర్డ్ పోతే మార్చుకోవచ్చు, ముఖాన్ని మార్చుకోలేము. మొదట తెలుసుకోవలసింది, మీ ఫొటో ఫోన్ దాటి బయటికి వెళుతోందా లేదా అన్నది. ఫోన్‌లో ఇంటర్నెట్ పూర్తిగా ఆపి, ఆప్‌ను మళ్లీ వాడి చూడండి. పనిచేస్తే మార్పు ఫోన్‌లోనే జరుగుతున్నట్టు. పనిచేయకపోతే ఫొటో వేరే చోటి కంప్యూటర్లకు వెళుతోందని దాదాపుగా అనుకోవచ్చు. మీ మూడో ఆప్ ఈ రకానిదే అయి ఉంటుంది. ఫోన్‌లోనే పనిచేసినా తర్వాత పంపే అవకాశం ఉంటుంది కాబట్టి, ఆ ఆప్‌కు మీ ఫొటోలన్నీ చూసే అనుమతి ఇవ్వకుండా, ఎంచుకున్న ఒక్క ఫొటోకే అనుమతి ఇవ్వండి. షరతుల్లో ఫొటోను ఎంతకాలం ఉంచుకుంటారు, తమ నమూనాలకు నేర్పడానికి వాడుకుంటారా, తొలగించమని అడిగే వీలుందా అన్న మూడు విషయాలు వెతకండి. పని అయ్యాక ఆప్‌ను తీసేసేముందు ఖాతాను, ఫొటోలను తొలగించమని అడగండి. ఆప్‌ను తీసేసినంత మాత్రాన వారి దగ్గరున్నది పోదు. ఇతరుల ఫొటోలు, ముఖ్యంగా పిల్లల ఫొటోలు, వారి తరఫున మీరు ఇవ్వవద్దు.

ఇక మీ నిర్ణయం. జుట్టు నెలకు ఒక సెంటీమీటరు, కొందరికి ఇంకాస్త ఎక్కువ పెరుగుతుంది. గడ్డం నుంచి నడుము దాకా 50 సెంటీమీటర్లు అనుకున్నా, ఇప్పుడున్న పొడవు తిరిగి రావడానికి సుమారు నాలుగేళ్లు పడుతుంది. అందుకని ఒక్కసారే గడ్డం దాకా వెళ్లవద్దు. ముందుగా ఇంట్లోనే, తలస్నానం చేసి ఆరిన జుట్టును లోపలికి మడిచి, గడ్డం ఎత్తులో పిన్నులు పెట్టుకుని, ఒక సాయంత్రమంతా అలాగే తిరగండి. అచ్చం ఆ కత్తిరింపులా ఉండదు గాని, మెడ మీద గాలి తగలడం, పక్కలకు పెరిగిన వెడల్పు, తల తిప్పినప్పటి తేలికదనం మీకు తెలుస్తాయి. ఆ తర్వాత భుజం ఎముక దాకా కత్తిరించుకుని, నెల రోజులు దానితో గడపండి. ఆ నెలలో మీ ఉంగరాలు ఎంత ముడుచుకుంటాయో, ఒత్తు ఎటు విచ్చుకుంటుందో, రోజూ పొద్దున్నే దానికి ఎంతసేపు పడుతుందో మీ తలే చెబుతుంది. అప్పటికీ గడ్డం దాకా కావాలనిపిస్తే నిస్సంకోచంగా వెళ్లండి.

కత్తిరించేవారి దగ్గరికి వెళ్లేటప్పుడు మూడో ఆప్ ఫొటో ఒక్కదాన్నే చూపించకండి. చెల్లెలు తీసిన అసలు ఫొటోలు, మూడు పొడవుల పోలిక, మీలాంటి ఉంగరాల జుట్టే ఉన్నవారు ఎవరైనా ఆ కత్తిరింపుతో ఉన్న నిజమైన ఫొటో ఒకటి పట్టుకెళ్లండి. జుట్టు తడపకముందే, సహజంగా ఆరి ఉన్నప్పుడే వారిని చేత్తో పట్టి చూడమనండి, వీలైతే ఆరిన జుట్టు మీదనే కత్తిరించమనండి. "ఈ ఫొటోలా చేయండి" అనకుండా, "ఈ ఫొటోలో నాకు నచ్చింది దవడ దగ్గరి ఈ వంపు, నా జుట్టుతో ఇందులో ఏది వస్తుంది, ఏది రాదు?" అని అడగండి. రానిదేమిటో విడమరచి చెప్పేవారు దొరికితే వారికే తల అప్పగించండి. అన్నీ వస్తాయని ఒక్క మాటలో తేల్చేస్తే, ఆ రోజుకు చివర్లు మాత్రం సరిచేయించుకుని వచ్చేయండి.